కోతులు, గూడ్సు బండ్లు, వెనక తలుపు: ఒక షాక్ సెన్సార్ కేస్ స్టడీ

కాజీపేటలో రైలు పట్టాలకు కాస్త దూరంగా, రెండు వందల గజాల స్థలంలో కట్టిన ఇల్లు. కింద రెండు పడకగదులు, హాలు, వంటగది. డాబా మీద ఒక గది. యజమాని రిటైరైన లెక్కల మాస్టారు, ఇంట్లో భార్యాభర్తలిద్దరే ఉంటారు. డాలస్‌లో ఉన్న కూతురికి నెలలు నిండుతున్నాయి, ఇద్దరూ వెళ్లి ఆరు నెలలు ఉండి రావాలి. అన్నాళ్లూ ఇంటికి తాళమే. ఇలాంటి ఇళ్లు మా వైపు వీధికి ఒకటైనా ఉంటాయి. ఇళ్లకు కెమెరాలు, అలారాలు బిగించే మాకు వచ్చే పనిలో పెద్ద వాటా ఈ ఆరు నెలల తాళాలదే.

మాస్టారు పిలిచింది కెమెరాల కోసం. కెమెరాలకు నేను వ్యతిరేకిని కాను, మా భుక్తి అవే. కానీ చాలా సందర్భాల్లో కెమెరా జరిగిపోయినదాన్ని చూపిస్తుంది, అదీ ముఖానికి రుమాలు కట్టుకున్న మనిషిని. తలుపుకు బిగించే అయస్కాంతపు సెన్సార్ అంతకంటే నయం. అయితే అది పలికేది తలుపు తెరుచుకున్నాకే, అప్పటికి దొంగ లోపలే ఉంటాడు. ఇంట్లో మనుషులుంటే సైరన్‌కు బెదిరి పారిపోతాడు. ఎవరూ లేరని ముందే ఆరా తీసినవాడైతే ఐదు నిమిషాలు తెగిస్తాడు, బీరువాకు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. తలుపుకో కిటికీకో తగిలే దెబ్బను, కుదుపును పసిగట్టే షాక్ సెన్సార్ అలా కాదు. గొళ్లెం కింద ఇనుప కడ్డీ దూర్చి మెలిపెట్టగానే పలుకుతుంది. తలుపు ఇంకా మూసే ఉంటుంది, మనిషి ఇంకా బయటే ఉంటాడు. ఈ ఇంటికి దాన్ని సూచించడానికి కారణం ఇదే.

పెట్టెలో ఏముంటుంది

పాతతరం షాక్ సెన్సార్లలో బంగారు పూత పూసిన చిన్న బంతి కాంటాక్టుల మీద కూర్చుని ఉండేది. దెబ్బ తగిలితే అది ఎగిరిపడి సర్క్యూట్ క్షణంపాటు తెగేది. తరువాత పీజో పలకలు వచ్చాయి, అవి వంగితే వోల్టేజీ పుడుతుంది. ఇప్పటి వైర్‌లెస్ సెన్సార్లలో ఎక్కువగా ఫోన్లలో ఉండేలాంటి, కదలికను కొలిచే యాక్సిలరోమీటర్ చిప్పే ఉంటుంది. మంచి రకాలు రెండు లెక్కలు వేసుకుంటాయి. ఒకటి, ఒక్క దెబ్బే అయినా బలమైనదా అన్నది. రెండోది, చిన్న దెబ్బలే అయినా తక్కువ వ్యవధిలో వరుసగా పడుతున్నాయా అన్నది. తలుపును తన్నేవాడు మొదటి లెక్కకు దొరుకుతాడు, గ్రిల్‌ను నిదానంగా వంచేవాడు రెండోదానికి దొరుకుతాడు. ఐరోపాలో షాక్ డిటెక్టర్లకు విడిగా ఈఎన్ 50131-2-8 అనే ప్రమాణమే ఉంది. కొనేటప్పుడు పెట్టె మీద ఆ అంకె కోసం చూడటం మంచిది.

కొన్నవాళ్లందరూ మొదట చేసే పని యాప్‌లో సున్నితత్వాన్ని పెంచడం, నాలుగు తప్పుడు అలారాలు మోగగానే తగ్గించడం. ఆ మీట నా దృష్టిలో ఆఖరి పని. సెన్సార్‌ను ఎక్కడ బిగించాం, దాని కింద ఉన్న చెక్క, గాజు, ఇనుము ఏ స్థితిలో ఉన్నాయి అన్నదే ముందు తేలాలి. ఈ ఇంట్లో వచ్చిన ప్రతి చిక్కూ అక్కడే ముడిపడింది.

అమెరికా పెట్టె

పని మొదలుపెట్టేలోపే కూతురు పంపిన ఒక పెట్టె బయటికొచ్చింది. పోయినసారి వచ్చినప్పుడు ఆమె డాలస్‌లో కొని తెచ్చిన జీ-వేవ్ (ఇంటి పరికరాలు తీగ లేకుండా మాట్లాడుకునే ఒక రేడియో పద్ధతి) సెన్సార్లు, వాటి సిగ్నళ్లు అందుకునే పెట్టె అయిన హబ్. వస్తువులు బాగున్నాయి, ధర కూడా ఇక్కడికంటే తక్కువ. కానీ అమెరికా జీ-వేవ్ నడిచేది 908 మెగాహెర్ట్జ్ దగ్గర. మన దేశంలో 890 నుంచి 915 వరకు మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడే దారి. అక్కడ మనం సొంతంగా సిగ్నల్ వదలకూడదు. ఇక్కడ లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో వదిలినది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్. భారత్‌కు తయారుచేసే జీ-వేవ్ పరికరాలు అందుకే 865.2 మీద నడుస్తాయి. సెట్టింగు మార్చి ఒకదాన్ని ఇంకొకటిగా చేసుకోలేం. పెట్టెను అలాగే తిరిగి ఇచ్చేశాను. విదేశాల నుంచి ఇలాంటివి తెచ్చేవాళ్లు కొనేముందు ఒక్క ఫోను చేస్తే డబ్బు మిగులుతుంది.

తలుపులు

మొత్తం నాలుగు తలుపులు, ఆరు కిటికీలు. తలుపులకు షాక్, అయస్కాంతం కలిసి ఉన్న సెన్సార్లు, కిటికీలకు ఉత్త షాక్ సెన్సార్లు అనుకున్నాం.

ప్రధాన ద్వారం టేకుది, చౌకట్టూ టేకే. తలుపు రెక్కలోనే తాళం ఉంది, అది చాలదన్నట్టు బయట గొళ్లేనికి అరచేయంత తాళం కప్ప. ఆ కప్పను తీయించాను. అది వీధికంతటికీ ఇల్లు ఖాళీ అని చెప్పే బోర్డు. రెక్కలోని తాళం బయటి నుంచి కూడా పడుతుంది కాబట్టి దానికో మంచి సిలిండర్ వేయిస్తే సరిపోయింది. సెన్సార్ ఒంటిని రెక్క మీద కాకుండా చౌకట్టు మీద, తాళం ఎత్తులో లోపలివైపు బిగించాం. రెక్క మీద పెడితే గాలికి అది కొద్దిగా అల్లాడినా సెన్సార్ లెక్కపెడుతుంది. చౌకట్టు ఊరికే కదలదు, కడ్డీతో పెకలిస్తే మాత్రం ముందు కదిలేది అదే. రెక్కకు అంటించింది చిన్న అయస్కాంతం ఒక్కటే.

అసలు కథ వెనక తలుపుది. వాష్ ఏరియాలోకి తెరుచుకునే ఫ్లష్ డోరు, పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు. ప్రహరీకి, ఇంటికి మధ్య సందులో నిలబడితే వీధిలోంచి కనిపించదు. నేను దొంగనైతే ఎంచుకునే తలుపు ఇదే. స్క్రూడ్రైవర్ పిడితో చౌకట్టు మీద పై నుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చాను. నడుము ఎత్తు దాకా టక్‌టక్‌మని గట్టిగా పలికిన కర్ర మోకాలి దగ్గరకు వచ్చేసరికి బోలుగా, మందంగా పలికింది. పైన పెయింటు మాత్రం చెక్కుచెదరలేదు, నిగనిగలాడుతోంది. స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కితే సగం వరకు దిగిపోయింది. బయటికి లాగితే మట్టి పొడి రాలింది. చెదలు.

‘‘పోయిన ఏడే పెయింటు వేయించామండీ’’ అన్నారు మాస్టారి భార్య.

చెద తిన్న కర్రతో రెండు నష్టాలు. దెబ్బ తాలూకు కంపనం అందులోంచి పైకి ప్రయాణించదు, మెత్తని పొడిలో ఇంకిపోతుంది. కింద తన్నినా నడుము ఎత్తులో ఉన్న సెన్సార్‌కు సగం కూడా అందదు. అంతకంటే ముఖ్యంగా, కింది బోల్టు దిగే రంధ్రం ఆ కర్రలోనే ఉంది. ఒక్క గట్టి తన్నుకు బోల్టు విరగనక్కర్లేదు, దాన్ని పట్టుకున్న చెక్కే ఊడి వచ్చేస్తుంది. అలాంటి తలుపుకు ఎంత ఖరీదైన సెన్సార్ పెట్టినా అది తలుపు పడిపోయిందని చెప్పడానికే పనికొస్తుంది. వడ్రంగిని పిలిపించి ఆ నిలువు కర్రను పూర్తిగా తీసి టేకుది వేయించాం, బోల్టు దిగే చోట ఇనుప పట్టీ, పొడవాటి స్క్రూలు. చుట్టూ చెదల మందు. కర్ర, కూలి కలిపి ఒక సెన్సార్ ధరకు అటూఇటూ అయింది. ఈ మొత్తం పనిలో ఇంటి భద్రతను ఎక్కువగా పెంచిన ఖర్చు అదే అని నా లెక్క.

మిగతా రెండు తలుపులు డాబా మీదికి వెళ్లే దారిలో ఉన్నాయి. మెట్ల కింద చెక్క తలుపు, మెట్ల పైన రేకు తలుపు. రేకు తలుపు సంగతి తరువాత చెబుతాను.

కిటికీలు

మన కిటికీలకు బయటివైపు తెరుచుకునే గాజు రెక్కలు, లోపలివైపు ఇనుప గ్రిల్ ఉంటాయి. గాజు పగిలినా గ్రిల్ ఆపుతుంది. అందుకే ఇక్కడ సెన్సార్ కనిపెట్టాల్సింది గ్రిల్ మీద జరిగే పనిని. ఐదు కిటికీల్లో గ్రిల్‌ను స్క్రూలతో చెక్క చట్రానికి బిగించారు. గ్రిల్ చివర ఏది కదిలినా ఆ స్క్రూల ద్వారా చట్రంలోకి వస్తుంది. సెన్సార్‌ను చట్రం లోపలిముఖం మీద, గ్రిల్ స్క్రూకు దగ్గరగా పెట్టి, దూరపు మూలలో కొట్టి చూశాం. దగ్గర కొట్టి చూస్తే ప్రతి సెన్సారూ బాగానే పనిచేసినట్టు కనిపిస్తుంది. అందులో పరీక్ష ఏమీ లేదు.

వంటగది కిటికీ వేరు. పాత కట్టడం, కడ్డీలను నేరుగా గోడలోకి దింపి సిమెంటు చేశారు. కడ్డీని ఊపితే ఆ ఊపు చట్రానికి రాదు, గోడలో కలిసిపోతుంది. సెన్సార్‌ను కడ్డీల మీదే బిగిద్దామంటే ఇనుముకు ఆనించిన రేడియో మూగబోతుంది, యాంటెన్నా చుట్టూ లోహం ఉంటే సిగ్నల్ బాగా పడిపోతుంది. అందుకని అడ్డుపట్టీకి చిన్న వైరు షాక్ డిటెక్టర్‌ను బిగించి, దాని తీగను పక్క గోడ మీది వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్‌కు ఇచ్చాం. చాలా ట్రాన్స్‌మిటర్లలో బయటి కాంటాక్టు కోసం రెండు టెర్మినళ్లు ఉంటాయి. వాటిని వాడేవాళ్లు తక్కువ. జానెడు తీగ కనిపిస్తుందని మేడం కొంచెం నొచ్చుకున్నారు, తెల్లటి కేసింగ్ వేశాక ఊరుకున్నారు.

సెన్సార్లతోపాటు వచ్చే రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు గురించి ఒక మాట. అయస్కాంతానికి అది చాలు. షాక్ సెన్సార్‌కు మాత్రం స్క్రూలే వాడతాను. మెత్తటి ఫోమ్ మనం వినాలనుకుంటున్న కంపనాన్నే కొంత మింగేస్తుంది. పైగా వరంగల్ ఎండలకు, పడమటి కిటికీ చట్రం మీద నూనె పెయింటుకు అంటించిన టేపు ఆరు నెలలు నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను. తప్పక టేపు వాడాల్సివస్తే, ఆ చోటును స్పిరిట్‌తో తుడిచి, గట్టిగా అదిమి, పూర్తి పట్టు రావడానికి 72 గంటలు వదిలేయాలి. అంటించిన గంటకే పరీక్ష పేరుతో బాదకూడదు.

హబ్‌ను మొదట హాల్లో టీవీ పక్కన అనుకున్నాం. కింది గదులన్నీ బాగానే అందాయి, డాబా తలుపు మాత్రం అంచున ఊగిసలాడింది. మధ్యలో స్లాబు, దాని నిండా ఇనుప చువ్వలు. హబ్‌ను మెట్ల మొదట్లోకి జరిపితే మెట్ల ఖాళీలోంచి సిగ్నల్ పైకి వెళ్లింది. పెట్టె మీద రాసే వేల అడుగుల దూరం ఖాళీ మైదానంలో కొలిచింది. ఇంట్లో ప్రతి సెన్సార్ దగ్గరా, తలుపులన్నీ మూసి, విడివిడిగా కొలుచుకోవాల్సిందే.

సైరన్ లేని రోజులు

మాస్టారు దంపతులు ఊళ్లో ఉండగానే అన్నీ బిగించి, సైరన్ ఆపి, నమోదు మాత్రం జరిగేలా వదిలేశాను. ఈ దశను దాటేసే ఇన్‌స్టాలర్లు ఎక్కువ, ఎందుకంటే బిల్లు ఆలస్యమవుతుంది. కానీ ఇల్లు తన అలవాట్లను చెప్పుకునేది ఇప్పుడే.

మొదటి నమోదుల్లో ఉత్తరపు పడకగది కిటికీ రాత్రిళ్లు పదే పదే కనిపించింది. వేళలను చూస్తే గూడ్సు బండ్లు వెళ్లే సమయాలతో సరిపోయాయి. సున్నితత్వం తగ్గిస్తే పోతుందని మాస్టారు అన్నారు. పోతుంది, దాంతోపాటు గ్రిల్ వంచేవాడి చప్పుడూ పోతుంది. నాకు అనుమానం వేరే. అదే గోడకు మూడడుగుల దూరంలో ఇంకో కిటికీ ఉంది, దాని సెన్సార్ ఒక్కసారి కూడా పలకలేదు. రైలుకు నేల అదిరితే రెండూ పలకాలి కదా. బండి వచ్చే వేళకు వెళ్లి కిటికీ మీద చెయ్యి పెట్టి చూశాను. గాజు పలక సన్నగా గిలగిలలాడుతోంది. పుట్టీ ఎండి రాలిపోయింది, పలక చట్రంలో వదులుగా కూర్చుంది. పాత పుట్టీ గీకి కొత్తది పెట్టించాక ఆ సెన్సార్ కూడా పక్కదానిలాగే నోరు మూసుకుంది. సెట్టింగు ముట్టుకోలేదు.

డాబా రేకు తలుపుకు అలాంటి మందు దొరకలేదు. దాని నమోదులన్నీ పొద్దున్నే, మళ్లీ సాయంత్రం. రాత్రి ఒక్కటీ లేదు. వరంగల్, హనుమకొండ ప్రాంతాల వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, కోతులు. మంద వచ్చి నీళ్ల ట్యాంకు మూత లాగి, వడియాలు ఆరబెట్టిన చాప లాగి, చివరికి తలుపు గడియ పట్టుకుని ఊపుతాయి. మనిషి ఎంత బలంగా ఊపుతాడో అంత బలంగానే. సెన్సార్‌కు అందేది బలం, వ్యవధి మాత్రమే. కోతికీ దొంగకూ మధ్య గీత గీసే సెట్టింగు దానిలో లేదు. రాత్రి మాత్రమే పలికేలా పెడదామంటే, తాళం వేసిన ఇంటికి పగలు కూడా భయమే. అందుకని రేకు తలుపుకు షాక్ ఆపేసి అయస్కాంతం ఒక్కటే ఉంచాం. షాక్ కాపలాను మెట్ల కింది చెక్క తలుపుకు మార్చి, దానికి రెండో బోల్టు వేయించాం. మెట్లు, పై గది కోల్పోయినా ఇంటిలోకి దారి అక్కడ ఆగుతుంది. పై గదిలో విలువైనవేవీ ఉంచొద్దని చెప్పాం. పాత టేబుల్ ఫ్యాను, స్టీలు డబ్బాలు తప్ప అక్కడ ఇంకేమీ లేవని తేలింది.

ఎవరికి వినపడాలి

నియమాలు ఇలా పెట్టాం. ఒకే ఒక్క దెబ్బకు ఫోనుకు సందేశం మాత్రమే. అదే సెన్సార్ అర నిమిషంలో మళ్లీ పలికినా, షాక్ తరువాత తలుపు తెరుచుకున్నా, హాల్లోని కదలిక సెన్సార్ తోడైనా సైరన్. సైరన్ మూడు నిమిషాలకు ఆగిపోతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. దాన్ని ఎన్నో రెట్లు దాటే సైరన్‌ను ఖాళీ ఇంట్లో గంటపాటు మోగించడం న్యాయం కాదు. రెండుసార్లు అనవసరంగా మోగితే మూడోసారి ఇరుగుపొరుగు కిటికీ కూడా తీయరు.

సందేశం వెళ్లేది డాలస్‌లోని కూతురికి, పక్కింటాయనకు. ఇక్కడ కాలమానం కలిసొచ్చింది. మనకు రాత్రి రెండైతే అక్కడ వేసవిలో ముందురోజు మధ్యాహ్నం మూడున్నర. దొంగలు తిరిగే వేళకు ఆమె మెలకువగా, ఫోను చేతిలో పెట్టుకుని ఉంటుంది. అయితే అమెరికా నుంచి 100 గానీ 112 గానీ కొడితే మన పోలీసులకు వెళ్లదు. స్థానిక ఠాణా నంబరును +91తో కలిపి ఆమె ఫోనులో దాచి, ఒకసారి పగటిపూట చేసి మాట్లాడమన్నాం. మాస్టారు ఠాణాకు వెళ్లి ప్రయాణం తేదీలు రాసిచ్చారు. బ్లూ కోల్ట్స్ గస్తీ ఆ వీధిని చూసుకుంటుందని చెప్పారు. పక్కింటాయనకు ఇచ్చిన సూచన ఒక్కటే: బయటికి రావద్దు, మీ ఇంటి బయటి దీపాలన్నీ వేయండి, 100కు చేయండి.

ప్రయాణానికి ముందు పట్టించుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. ఊరెళ్లేటప్పుడు మెయిన్ ఆపేయడం మన ఇళ్లలో ఆనవాయితీ. హబ్, రౌటర్ ఉన్న లైనును విడదీసి ఆ ఎంసీబీ మీద ఎర్ర టేపు అంటించాం. హబ్‌లోని సిమ్ ప్రీపెయిడ్, ఆరు నెలల మధ్యలో గడువు ముగిసి మూగబోయే సిమ్‌లు చాలా చూశాను. ఏడాది ప్యాక్ వేయించాం. సెన్సార్లన్నింటికీ కొత్త 3 వోల్టుల లిథియం సెల్స్. హబ్ వాటిని క్రమం తప్పకుండా పలకరిస్తుంది, ఏది బదులివ్వకపోయినా సందేశం పంపుతుంది.

ఆ ఆరు నెలలు

సైరన్ మోగింది ఒక్కసారే, గాలిదుమారం రోజున. పక్క ఖాళీ స్థలంలోంచి ఎగిరివచ్చిన రేకు వంటగది గ్రిల్‌కు పదే పదే తగిలింది. అది మోగాల్సిందే, నా దృష్టిలో తప్పుడు అలారం కాదు. డాబా తలుపు నుంచి ఏమీ లేదు. ఉత్తరపు కిటికీ నుంచి ఏమీ లేదు.

ఒక రాత్రి రెండు దాటాక వెనక తలుపు ఒక్క గట్టి దెబ్బను నమోదుచేసింది. సందేశం వెళ్లింది, నియమం ప్రకారం సైరన్ మోగలేదు. కూతురు ఆఫీసులో చూసి పక్కింటాయనకు చేసింది, ఆయన దీపాలు వేశారు. రెండో దెబ్బ పడలేదు. పొద్దున నేను వెళ్లి చూస్తే కొత్త టేకు కర్ర మీద, కింది బోల్టుకు రెండంగుళాల ఎత్తున, కడ్డీ మొన వెడల్పుతో ఒక గాడి పడి ఉంది. పక్కన పెయింటు పెచ్చు ఊడింది. ఎవరో, ఎందుకు ఆగారో చెప్పలేం. దీపాల వల్ల కావచ్చు, కర్ర మెత్తగా లేకపోవడం వల్ల కావచ్చు. ఫొటోలు తీసి ఠాణాలో ఇచ్చాం.

ఆ సందేశం తరువాత కూతురు, వెనక తలుపుకు ఒక్క దెబ్బకే సైరన్ మోగేలా మార్చమంది. మార్చాను. ఆ తలుపు మీద గాలికి గానీ, కోతులకు గానీ అంత బలం పడే వీలు లేదని అప్పటికి నమోదులే చెబుతున్నాయి కాబట్టి ఒప్పుకున్నాను. కిటికీలకు కూడా అలాగే పెట్టమంటే మాత్రం ఒప్పుకోలేదు.

దంపతులు తిరిగొచ్చాక రాత్రి మోడ్ పెట్టాం. కిటికీలు, మెట్ల తలుపు, వెనక తలుపు పనిచేస్తూ ఉంటాయి, హాల్లోని కదలిక సెన్సార్ నిద్రపోతుంది. మాస్టారు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి వెనక తలుపు తీసి బ్రష్ చేసుకుంటారు. మొదటి రోజే వీధి మొత్తం లేచింది. ఇప్పుడు రాత్రి మోడ్ నాలుగుంబావుకే దానంతటదే ఆగిపోతుంది. పడమటి కిటికీ సెల్‌ను వచ్చే మార్చిలో, ఎండలు ముదరకముందే మార్చాలని తేదీ రాసుకున్నాం.